రోడ్డు అక్కడే ఉంది, నంబరే మారింది: రహదారులకు హోదా ఎలా వస్తుంది, ఎలా పోతుంది

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే రోడ్డును ఇవాళ్టికీ చాలామంది నేషనల్ హైవే 9 అనే అంటారు. నిజానికి 2010 నుంచి అది 65వ నంబరు జాతీయ రహదారి. ఆ పాత 9 ఇప్పుడు పంజాబ్‌లోని మలోట్ దగ్గర మొదలై ఢిల్లీ మీదుగా ఉత్తరాఖండ్ కొండల్లోకి, పిథోరాగఢ్ వైపు వెళ్తోంది. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా మన కోస్తా పొడవునా ఉండిన 5వ నంబరు సిమ్లా దాటి టిబెట్ సరిహద్దులోని షిప్‌కీ లా కనుమ వరకు పోయింది. ఆదిలాబాద్, హైదరాబాద్, కర్నూలు, అనంతపురం జనానికి అలవాటైన 7వ నంబరు బద్రీనాథ్ దారికి పడింది. మూడూ హిమాలయాలకే వెళ్లాయి. అది యాదృచ్ఛికం కాదు, దాని వెనక ఒక పద్ధతి ఉంది. ఆ పద్ధతి దగ్గరికి వెళ్లే ముందు ఒక చిక్కు విప్పాలి.

రహదారి 'మారింది' అన్నప్పుడు మనం మూడు వేర్వేరు సంగతుల్ని కలిపేస్తుంటాం. ఒకటి, నంబరు మాత్రమే మారడం: రోడ్డు అదే, చూసుకునేవాళ్లూ వాళ్లే, బోర్డు మీది అంకె మారుతుంది. రెండోది హోదా పెరగడం: రాష్ట్ర రహదారి కాస్తా జాతీయ రహదారి అవుతుంది, అంటే చూసుకునేవాళ్లు మారతారు. మూడోది హోదా పోవడం: నోటిఫికేషన్ రద్దవుతుంది, రోడ్డు కింది శ్రేణికి దిగుతుంది. మొదటిది జరిగితే మ్యాపులు తికమకపడతాయి, అంతకు మించి నష్టమేమీ లేదు. రెండోది, మూడోది జరిగితే గుంత పడినప్పుడు ఎవర్ని అడగాలో మారిపోతుంది. నంబరంటే ఆ రోడ్డు ఖర్చు ఎవరి పద్దులో ఉందో చెప్పే గుర్తు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతా గందరగోళం చాలావరకు విడిపోతుంది.

శ్రేణులు ఎక్కడ పుట్టాయి

1943 డిసెంబరులో దేశంలోని చీఫ్ ఇంజినీర్లు నాగపూర్‌లో సమావేశమై యుద్ధం తర్వాతి ఇరవై ఏళ్లకు ఒక రోడ్ల ప్రణాళిక తయారుచేశారు. నాగపూర్ ప్లాన్ అని పేరుపడింది అదే. ఇప్పుడు మనం వాడే జాతీయ రహదారులు, రాష్ట్ర రహదారులు, జిల్లా రోడ్లు, గ్రామ రోడ్లు అన్న విభజన అక్కడి నుంచే వచ్చింది. రాష్ట్ర రహదారుల్ని అప్పట్లో ప్రావిన్షియల్ హైవేలు అనేవారు. ఆ తర్వాత 1947 ఏప్రిల్ 1 నుంచి జాతీయ రహదారుల ఖర్చు కేంద్రం తలకెత్తుకుంది. 1956లో జాతీయ రహదారుల చట్టం వచ్చింది.

ఆ చట్టంలోని రెండో సెక్షన్ చాలా చిన్నది, కానీ మన కథంతా అందులోనే ఉంది. చట్టం చివర ఉన్న షెడ్యూలులోని రోడ్లన్నీ జాతీయ రహదారులు. కేంద్రం గెజిట్‌లో ఒక నోటిఫికేషన్ ఇచ్చి ఏ రోడ్డునైనా ఆ జాబితాలో చేర్చవచ్చు. అలాంటి నోటిఫికేషన్‌తోనే తీసేయనూ వచ్చు. తీసేసిన క్షణం నుంచి అది జాతీయ రహదారి కాదు. తారు అలాగే ఉంటుంది, చెట్లు అలాగే ఉంటాయి, బస్సులు అలాగే తిరుగుతాయి. మారేది కాగితం మీది యజమాని.

రాష్ట్ర రహదారుల సంగతి ఇంకా వదులు. దేశమంతటికీ వర్తించే నంబర్ల పద్ధతి వాటికి లేదు. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం తన ఉత్తర్వులతో, తన వరసలో నంబర్లు వేసుకుంటుంది. తెలంగాణలో 1వ నంబరు రాష్ట్ర రహదారి అంటే హైదరాబాద్ నుంచి సిద్దిపేట, కరీంనగర్ మీదుగా రామగుండం వైపు వెళ్లే రాజీవ్ రహదారి. సరిహద్దు దాటి కర్ణాటకలోకి వెళ్తే 1వ నంబరు ఇంకేదో రోడ్డు. అందుకే ఆ నంబర్లు జనం నోట పెద్దగా నిలవలేదు. ఆర్ అండ్ బీ ఫైళ్లలో, టెండర్లలో తప్ప అవి కనిపించేది తక్కువ. రోడ్డు పక్క రాయి రంగు చూసి పోల్చుకోవడమే తేలిక: పసుపు తల ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ తల ఉంటే రాష్ట్ర రహదారి, నలుపో నీలమో ఉంటే జిల్లా రోడ్డు, నారింజ రంగైతే గ్రామ రోడ్డు.

2010లో ఏం జరిగింది

పాత జాతీయ రహదారుల నంబర్లలో మొదటి కొన్ని బాగానే ఉండేవి. 1 ఢిల్లీ నుంచి అమృత్‌సర్ మీదుగా అట్టారీకి, 2 ఢిల్లీ నుంచి కలకత్తాకు, 4 బొంబాయి నుంచి మద్రాసుకు. ఆ తర్వాత రోడ్లను ప్రకటించిన కొద్దీ నంబర్లు అతుకుతూ పోయారు. 214 కత్తిపూడి నుంచి కాకినాడ మీదుగా పామర్రుకు, 221 విజయవాడ నుంచి భద్రాచలం మీదుగా జగదల్‌పూర్‌కు, 222 కల్యాణ్ నుంచి నిర్మల్‌కు. అంకె చూస్తే రోడ్డు ఏ దిక్కున ఉందో, దేనికి అనుబంధమో తెలిసేది కాదు.

2010 మార్చిలో కేంద్రం ఈ జాబితా అంతా తిరగరాసింది. కొత్త నియమం ఇది: ఉత్తర దక్షిణాలుగా వెళ్లే రోడ్లకు సరి సంఖ్యలు, తూర్పు నుంచి పడమరకు పెరుగుతూ పోతాయి. తూర్పు పడమరలుగా వెళ్లే వాటికి బేసి సంఖ్యలు, ఉత్తరం నుంచి దక్షిణానికి పెరుగుతూ వస్తాయి. కాబట్టి చిన్న బేసి సంఖ్యలన్నీ కాశ్మీర్, హిమాచల్, ఉత్తరాఖండ్‌ల వైపే పడక తప్పదు. 1వ నంబరు ఉరి నుంచి శ్రీనగర్, కార్గిల్ మీదుగా లేహ్‌కు పోయింది. మన 5, 7, 9 హిమాలయాలకు వెళ్లింది ఇందుకే. చిన్న సరి సంఖ్యలు తూర్పు చివరకు చేరాయి. బొంబాయి మద్రాసు రోడ్డుకు ఉండే 4 అండమాన్ ట్రంకు రోడ్డుకు దక్కింది. ఢిల్లీ బొంబాయి రోడ్డుకు ఉండే 8 త్రిపురకు వెళ్లింది. త్రిపురకు వెళ్లే రోడ్డుకు అంతకుముందు ఉన్న నంబరు ఏదనుకున్నారు? 44. అది ఇప్పుడు శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా 3,700 కిలోమీటర్లకు పైగా సాగే, దేశంలోకెల్లా పొడవైన రహదారి. మన పాత 7లో ఎక్కువ భాగం అందులో కలిసిపోయింది.

ఈ నియమం తెలిసి తెలుగు రాష్ట్రాల మ్యాపు చూస్తే నిజంగా సంతోషం వేస్తుంది. బేసి సంఖ్యల్ని పైనుంచి కిందికి చదవండి: నిర్మల్ దగ్గర 61, నిజామాబాద్, జగిత్యాల, మంచిర్యాల మీద 63, హైదరాబాద్, విజయవాడల మీద 65, గుత్తి, ప్రొద్దుటూరు, నెల్లూరుల మీద 67, మదనపల్లె, తిరుపతి, నాయుడుపేటల మీద 71. సరి సంఖ్యల్ని తూర్పు నుంచి చదవండి: తీరం వెంట 16, సాలూరు, విజయనగరం మీద 26, భద్రాచలం, కొత్తగూడెం మీద 30, కర్నూలు, నంద్యాల, కడప, చిత్తూరు మీద 40, అనంతపురం, కదిరి, కుప్పం మీద 42, ఆపైన 44. దిక్సూచి లేకుండానే ఎక్కడున్నామో చెప్పే అమరిక ఇది. దీన్ని రూపొందించినవాళ్లను మెచ్చుకోవాల్సిందే.

అయితే పాత నంబర్లను రద్దు చేసి వదిలేయలేదు. వాటినే కొత్త రోడ్లకు మళ్లీ వాడారు. తంటా అంతా ఇక్కడే వచ్చింది. పాత 16 నిజామాబాద్ నుంచి మంచిర్యాల, చెన్నూరు మీదుగా జగదల్‌పూర్‌కు వెళ్లే రోడ్డు. కొత్త 16 కోల్‌కతా చెన్నై రోడ్డు. నిజామాబాద్ రోడ్డుకు వచ్చిన 63 అంతకుముందు అంకోలా నుంచి హుబ్బళ్లి, బళ్లారి మీదుగా గుత్తికి వచ్చే రోడ్డుది. గుత్తి రోడ్డుకు 67 వచ్చింది. ఆ 67 అంతకుముందు తమిళనాడులో నాగపట్నం నుంచి కోయంబత్తూరు వైపు వెళ్లే రోడ్డుది. ఇలా ఒకదాని అంకె ఇంకొకదానికి చేరుతూ పోయింది. 2008 నాటి పత్రంలో 'జాతీయ రహదారి 16' అని కనిపిస్తే అది విశాఖ దగ్గరి స్థలం కాదు, జగిత్యాల దగ్గరిది కావచ్చు. భూసేకరణ నోటిఫికేషన్లలో కొత్త నంబరు పక్కన 'పాత నంబరు ఫలానా' అని రాస్తూ వచ్చింది అందుకే. ఆ చిన్న మాట లేకపోతే పరిహారం ఫైళ్లలో ఎన్ని చిక్కులు వచ్చేవో!

మూడు అంకెల నంబర్లు, వాటి వెనక అక్షరాలు

కొత్త పద్ధతిలో ప్రధాన రహదారులకు ఒకటి రెండు అంకెలు, అనుబంధ రహదారులకు మూడు. చివరి రెండు అంకెలు తల్లి రోడ్డువి. 216 అంటే 16కు అనుబంధం. పాత 214, దాని పొడిగింపు కలిపి కత్తిపూడి నుంచి కాకినాడ, అమలాపురం, నరసాపురం, మచిలీపట్నం, చీరాల మీదుగా ఒంగోలు దాకా అదే. 163 అంటే 63కు అనుబంధం, హైదరాబాద్ నుంచి వరంగల్, ములుగు మీదుగా భోపాలపట్నం వెళ్లేది. శ్రీశైలం రోడ్డు 765, అంటే 65కు పిల్ల.

ఇందులో ఒక పరిమితి ఉంది. ముందు వేయగలిగిన అంకెలు తొమ్మిదే. దేశం మొత్తంలో 44కు తొమ్మిది అనుబంధాలకు మించి ఇవ్వలేరు. ఆ నియమం రాసిన తర్వాత జాతీయ రహదారుల పొడవు ఎవరూ అనుకోనంతగా పెరిగింది. 2014 మార్చి నాటికి 91,287 కి.మీ. ఉండేది ఇప్పుడు 1,46,000 కి.మీ. దాటింది. తెలంగాణలో రాష్ట్రం ఏర్పడినప్పుడు దాదాపు 2,500 కి.మీ. ఉంటే ఆ తర్వాత పదేళ్లలోపే దాదాపు రెట్టింపైంది. పెరిగిన దాంట్లో ఎక్కువ భాగం కొత్తగా వేసిన రోడ్లు కావు, రాష్ట్ర రహదారులకు హోదా పెంచినవే.

దాంతో అంకెల వెనక అక్షరాలు చేరాయి, అవీ చాలక జంట అక్షరాలు. అనంతపురం నుంచి తాడిపత్రి, గిద్దలూరు, వినుకొండ మీదుగా గుంటూరు వెళ్లే రోడ్డు 544డి. దాని తల్లి 544 ఉన్నది తమిళనాడు, కేరళలలో, సేలం నుంచి కొచ్చికి! అనంతపురం నుంచి కళ్యాణదుర్గం రోడ్డు 544డీడీ. సూర్యాపేట నుంచి ఖమ్మం 365బీబీ, ఖమ్మం నుంచి దేవరపల్లి వెళ్లే కొత్త రోడ్డు 365బీజీ, మెదక్ నుంచి సిద్దిపేట మీదుగా ఎల్కతుర్తి రోడ్డు 765డీజీ. పాత పద్ధతిలో ఏ అర్థంలేనితనాన్ని పోగొట్టాలనుకున్నారో అది ఈ అక్షరాల రూపంలో మళ్లీ వచ్చేసింది. బోర్డు మీద చూసి, యాక్సిడెంట్ జరిగినప్పుడు ఫోన్‌లో చెప్పగలిగే నంబర్లు కావు ఇవి. పొలం అంచున ఉన్న రైతుకు, అంబులెన్స్ డ్రైవరుకు నోరు తిరిగేలా నంబరు ఉండాలి. ఇంకో పెద్ద సవరణ అవసరమని నా అభిప్రాయం.

హోదా పెరిగితే ఏమవుతుంది

ఒక రాష్ట్ర రహదారిని జాతీయ రహదారిగా చేయమని రాష్ట్రమే అడుగుతుంది. నిధులు కేంద్రం నుంచి వస్తాయి, వెడల్పు పెరుగుతుంది, బైపాసులు వస్తాయి. ఎమ్మెల్యేలు, ఎంపీలు ఈ హోదాల కోసం పట్టుబట్టేది అందుకే. నకిరేకల్ నుంచి నల్లగొండ, నాగార్జునసాగర్, మాచర్ల, కనిగిరి మీదుగా ఏర్పేడు దాకా ఉన్న 565, ఆదోని, మంత్రాలయం, రాయచూరు, మహబూబ్‌నగర్, మిర్యాలగూడ మీదుగా కోదాడ వెళ్లే 167 ఇలా రాష్ట్ర రోడ్ల ముక్కల్ని ఒక దండలా గుచ్చి చేసినవే. పాత రాష్ట్ర నంబర్లు ఆ రోజుతో చెరిగిపోయాయి. ఆకుపచ్చ రాళ్లకు పసుపు రంగు పడింది.

అసలు ఇబ్బంది మధ్య కాలంలో వస్తుంది. కొన్నేళ్లు కేంద్రం చాలా రోడ్లను సూత్రప్రాయంగా జాతీయ రహదారులుగా ఒప్పుకుంది. డీపీఆర్, అంటే సవివర ప్రాజెక్టు నివేదిక, తయారై, అది అనుకూలంగా ఉంటేనే గెజిట్ నోటిఫికేషన్. ఈ లోపు రోడ్డు ఎవరిది? చట్టప్రకారం ఇంకా రాష్ట్రానిదే. కానీ ఎలాగూ కేంద్రానికి పోయేదే కదా అని రాష్ట్రం దాని మీద డబ్బు పెట్టడానికి వెనకాడుతుంది. కేంద్రం గెజిట్ ఇవ్వలేదు గనుక రూపాయి ఇవ్వదు. రెండు వానాకాలాలు ఇలా గడిస్తే చాలు, ప్యాచ్ వర్కుకు కూడా లొంగని రోడ్డు తయారవుతుంది. హోదా ప్రకటన పేపర్లో వచ్చిన రోజు మిఠాయిలు పంచుకున్న ఊళ్లే ఆ గుంతల్లో ఆటోలు నడుపుకుంటాయి. ఒక రోడ్డుకు సూత్రప్రాయ అంగీకారం ఇచ్చినప్పుడు గెజిట్ వచ్చేదాకా మరమ్మతు ఎవరి పనో, ఏ పద్దు నుంచో అదే ఉత్తరంలో రాయాలి. ఇది పెద్ద సంస్కరణేమీ కాదు, రెండు వాక్యాల పని.

హోదా పోతే

బైపాస్ వచ్చినప్పుడు ఊళ్లోంచి వెళ్లే పాత ముక్కకు మామూలుగా జరిగేది ఇది: కేంద్రం ఒక్కసారి దాన్ని బాగుచేసి రాష్ట్రానికి అప్పగిస్తుంది, షెడ్యూలు నుంచి తీసేస్తుంది. ఆ తర్వాత దాని బాగోగులు ఆర్ అండ్ బీవో, మున్సిపాలిటీవో. నెల్లూరు, ఒంగోలు ట్రంకు రోడ్లు, ఏలూరు జీఎన్‌టీ రోడ్డు మద్రాసు నుంచి కలకత్తా వెళ్లిన గ్రేట్ నార్తర్న్ ట్రంకు రోడ్డు పేరును ఇప్పటికీ మోస్తున్నాయి. లారీలు బయటికి పోయాక అవి ఊరి బజార్లయ్యాయి.

ప్రతిసారీ షెడ్యూలు నుంచి పూర్తిగా తీసేయరు. గోదావరి జిల్లాల్లో జరిగింది చూడండి. గుండుగొలను నుంచి నల్లజర్ల, దేవరపల్లి, కొవ్వూరు మీదుగా కొత్త నాలుగు వరసల దారి వేసి, 16వ నంబరును అటు మార్చారు. తాడేపల్లిగూడెం, తణుకు, సిద్ధాంతం, రావులపాలెం, జొన్నాడ మీదుగా దివాన్‌చెరువు చేరే పాత దారికి 216ఏ అన్న నంబరు ఇచ్చి జాతీయ రహదారిగానే ఉంచారు. నా దృష్టిలో ఇది సరైన పద్ధతి. వశిష్ఠ, గౌతమి పాయల మీద అంత పెద్ద వంతెనలున్న రోడ్డును ఒక్కసారిగా రాష్ట్రం మీద వేస్తే మోయడం కష్టం.

హోదా తీసేయడం అన్నిసార్లూ ట్రాఫిక్ కోసమే జరగదు. 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారుల అంచు నుంచి 500 మీటర్లలోపు మద్యం అమ్మకూడదని తీర్పు ఇచ్చింది. తాగి నడపడం వల్ల పోతున్న ప్రాణాలే దానికి కారణం. 2017 మార్చి 31న, జనాభా 20,000 లోపున్న స్థానిక సంస్థల పరిధిలో ఆ దూరాన్ని 220 మీటర్లకు తగ్గించింది. మర్నాటి నుంచే అమలు. అప్పుడు కొన్ని ప్రభుత్వాలు దుకాణాల్ని కదిలించకుండా రోడ్ల హోదానే కదిలించాయి. చండీగఢ్ తన నగరంలోని రోడ్లను జిల్లా రోడ్లుగా ప్రకటించింది. రాజస్థాన్, ఉత్తరాఖండ్ పట్టణాల్లోంచి వెళ్లే రాష్ట్ర రహదారి ముక్కలకు హోదా తీసేశాయి. వ్యవహారం మళ్లీ కోర్టుకు వెళ్లింది. మున్సిపల్ పరిధిలోని లైసెన్సు దుకాణాలకు ఆ నిషేధం వర్తించదని 2017 జులై 11న సుప్రీంకోర్టు స్పష్టత ఇచ్చింది.

ఈ ఉదంతాన్ని మద్యం గొడవగా మాత్రమే గుర్తుపెట్టుకున్నాం. రోడ్ల వైపు నుంచి చూస్తే ఇంకో విషయం కనిపిస్తుంది. జాతీయ రహదారిని తగ్గించాలంటే కేంద్రం గెజిట్ కావాలి, కాబట్టి ఆ పని అంత సులువు కాదు. రాష్ట్ర రహదారికి ఒక్క ఉత్తర్వు చాలు. దశాబ్దాల పాటు రాష్ట్ర నిధులతో పెరిగిన రోడ్డు ఒక సంతకంతో జిల్లా రోడ్డు అవుతుంది, దానితో పాటే వార్షిక మరమ్మతుల్లో దాని వంతు కూడా వెనక్కి జరుగుతుంది. ప్రజల అభిప్రాయం అడగరు, ఎందుకు తగ్గించారో రాయరు. ఇలాంటి ఉత్తర్వులకు కనీసం కారణం చెప్పే నియమం ఉండాలి.

మీ ఊరి రోడ్డు చరిత్ర తెలుసుకోవాలంటే

జాతీయ రహదారైతే గెజిట్ నోటిఫికేషన్ చూడండి. అందులో రోడ్డును 'ఫలానా జాతీయ రహదారి కూడలి దగ్గర మొదలై, ఫలానా ఊళ్లను కలుపుతూ, ఫలానా రహదారి కూడలి దగ్గర ముగుస్తుంది' అని వర్ణిస్తారు. పక్క రోడ్డు నంబరు మారితే ఈ వర్ణనలోనూ సవరణ రావాలి. అందువల్ల ఒక నోటిఫికేషన్ పట్టుకుంటే చుట్టుపక్కల రోడ్ల చరిత్ర కూడా దొరుకుతుంది. తేదీ చూడకుండా నంబరును మాత్రం నమ్మొద్దు.

కిలోమీటర్ల లెక్క ఇంకా పాత సంగతులు చెబుతుంది. హైదరాబాద్ విజయవాడ రోడ్డును నాలుగు వరసలు చేసినప్పుడు పని హద్దుల్ని 9వ నంబరు రహదారిపై 40 నుంచి 221.5 కి.మీ. వరకు అని రాశారు. ఆ 9 మొదలయ్యేది పుణెలో. పుణె నుంచి లెక్కపెడితే 40వ కిలోమీటరు మహారాష్ట్ర దాటదు. లెక్క మొదలైంది హైదరాబాద్ నుంచి. నంబరు పుణె నుంచి మచిలీపట్నం దాకా ఒకటే అయినా కొలత హైదరాబాద్ నుంచి విడిగా సాగింది.

రాష్ట్ర రహదారైతే దారి ఆర్ అండ్ బీ డివిజన్ కార్యాలయానికే. సమాచార హక్కు చట్టం కింద మూడు ప్రశ్నలు వేస్తే సరిపోతుంది: ఈ రోడ్డు ఏ ఉత్తర్వుతో, ఏ తేదీన ఈ శ్రేణిలోకి వచ్చింది, అంతకుముందు ఏ శాఖ చేతిలో ఉంది, ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు దాకా. మూడో ప్రశ్న మర్చిపోకండి. ఒకే రోడ్డులో ఊరి అవతలి ముక్క జాతీయ రహదారి, ఊళ్లో ముక్క మున్సిపాలిటీది, ఇవతలి ముక్క జిల్లా రోడ్డు కావచ్చు. గుంత పడ్డ చోటు ఏ ముక్కలో ఉందో తెలిస్తేనే ఫిర్యాదు సరైన బల్ల మీదికి చేరుతుంది. జాతీయ రహదారి ముక్కైతే 1033కు ఫోన్ చేయవచ్చు. మిగతా ముక్కలకు ఆ నంబరు పనిచేయదు, అర్జీ సంబంధిత ఇంజినీరు ఆఫీసులోనే ఇవ్వాలి.